ఆళ్లగడ్డ పోటీలో మా కారు ఎందుకు కదల్లేదంటే

నేను ఒకప్పుడు కార్ల పోటీల్లో తిరిగినవాడినని తెలిసి ఈ మధ్య కుర్రాళ్ళు కొందరు మా ఇంటికి వస్తున్నారు. ఎంత వేగంగా తోలేవారు, ఎన్ని కప్పులు గెలిచారు అని అడుగుతారు. కప్పులు చూపించమంటే మా ఆవిడ వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెచ్చి వాళ్ళ ముందు పెడుతుంది. అది ఆవిడ పరిహాసం. నిజానికి డ్రైవరుగా నేను నెగ్గిన పోటీ ఒక్కటీ లేదు. ఒకసారి మూడోవాణ్ణయ్యాను, అంతే. మేనేజరుగా నన్ను నంద్యాలలో ఇంకా ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే, సొంత జట్టు కారును సొంత చేతులతో చెడగొట్టిన మనిషిగానే. ఆ మాట అబద్ధం కాదు. చెడగొట్టింది నేనే. ఎందుకు చెడగొట్టానో ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెప్పవద్దని అడిగిన మనిషి మొన్నీమధ్య కన్నుమూశాడు. పోయేముందు, "అన్న ఇంక చెప్పుకోవచ్చు, మా చెల్లెలికి మనవలు గూడా పుట్టినారు" అని కబురు పంపాడు. అందుకని రాస్తున్నాను. మీ చిన్నవాళ్ళకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. నాయన మిషన్ బడిలో అయ్యవారు. నన్నూ అయ్యవారిని చేయమని ఆయన ప్రభువును అడగని ఆదివారం లేదు. నేను బడిలో పుస్తకాలకంటే బడి ముందు ఆగే లారీలను శ్రద్ధగా చదివాను. పత్తి బేళ్ళ లారీ తోలుకుంటూ మద్రాసు చేరి, అక్కడ ఒక గ్యారేజీ యజమాని కంట్లో పడ్డాను. డెబ్బైల మొదట్లో మద్రాసు అవతల పాత విమానాల మైదానంలో కార్ల పోటీలు పెట్టేవారు. ఆ యజమాని నన్ను తన కారులో కూర్చోబెట్టాడు. జనం పేర్లు పెట్టి అరిచేది వేరేవాళ్ళను. నా పేరు మైకులో చెప్పేటప్పుడు ప్రతిసారీ తప్పుగానే చెప్పేవారు. అయినా నాకు అది స్వర్గమే.

ఒక పోటీలో మలుపు తిరుగుతుండగా చక్రం ఒకటి నా పక్కనుంచి నాకంటే ముందుకు పరిగెత్తింది. ఎవరి చక్రమో పాపం అనుకున్నాను. నాదే. కారు పల్టీ కొట్టి నా ఎడమ కాలు నుజ్జయింది. అది క్లచ్ తొక్కే కాలు. దాంతో డ్రైవరు పని ముగిసింది. ఆ చక్రం నట్లు బిగించింది ఎవరని అడిగితే గ్యారేజీలో ఇద్దరు పనివాళ్ళు నేనంటే నేనన్నారు, ఇద్దరూ ఒట్టేశారు. బిగించని నట్టు ఒకటైతే, బిగించామనేవాళ్ళు ఇద్దరు! ఎవరైనా కావాలనే వదులు చేశారా, మరిచిపోయారా, ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే నన్ను మార్చేసింది. అప్పటినుంచి ఎవరు బిగించిన నట్టయినా నా చేత్తో తడిమితే తప్ప నమ్మేవాణ్ణి కాదు. మజ్జిగ కూడా వాసన చూసి తాగుతానని మా ఆవిడ ఊరంతా చెప్పింది. నిజమే, చూస్తాను.

కుంటికాలితో నంద్యాల తిరిగొచ్చాక, ఒక పత్తి మిల్లు యజమాని నన్ను పిలిపించాడు. ఆయనను పెద్దాయన అందాం. పాతకాలపు భూస్వామి కుటుంబం, గొంతు పెద్దది, మనసూ పెద్దదే, కోపం ఆ రెంటికన్నా పెద్దది. మద్రాసులో ఎవరో అమ్మేసిన పోటీ కారును కొని మిల్లు షెడ్డులో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, మద్రాసోళ్ళే గెలుస్తాండారంట గదా. మనం గెలిస్తే కాదంటారా?" అన్నాడు.

అట్లా ఎనభైల మొదట్లో నేను మేనేజరునయ్యాను. జట్టు చాలా చిన్నది. కారు తోలేది మిల్లు లారీ డ్రైవరు, ఆళ్లగడ్డ వైపు పల్లెవాడు, నాకంటే బాగా చిన్నవాడు. అతని పక్క సీట్లో కూర్చునేది అతని చిన్ననాటి స్నేహితుడు, హైస్కూలులో లెక్కల అయ్యవారు. బండి చూసేది ఉర్దూ, తెలుగు కలిపి తిట్టే మేస్త్రీ ఒకాయన. చేతిపనిలో మచ్చలేని మనిషి. అయినా ఆయన బిగించిన నట్లను నేను మళ్ళీ తడిమేవాణ్ణి. ఆయన చూడనట్టు మొహం తిప్పుకునేవాడు.

ఈ పోటీలు మైదానంలో జరిగేవి కావు. మామూలు రోడ్ల మీద, అడవి దారుల్లో ఒక్కో కారును విడిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్ళదే గెలుపు అంటారు. పక్క సీటు మనిషి ముందు వచ్చే మలుపును అరిచి చెప్పాలి. మద్రాసువాళ్ళు దానికి అంకెలు వాడేవారు. మా లెక్కల అయ్యవారు, లెక్కలు చెప్పి బతికే మనిషి, అంకె ఒక్కటీ వాడేవాడు కాదు. "కల్లం కాడ ఎడమ", "పాడుబావి కుడి", "సమాధుల మిట్ట, మెల్లగ" అని అరిచేవాడు. మద్రాసువాళ్ళు నవ్వేవారు. మావాడు మాత్రం ఆ మాటలకు బండిని నీళ్ళలో చేపలా తిప్పేవాడు. సున్నిపెంట ఘాట్‌లో ఒక ఉదయం మేము అందరికంటే ముందు చేరితే ఆ నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన అక్కడి డ్యామ్ కాలనీ అంగళ్ళలో ఉన్న మిఠాయంతా కొని దారినపోయేవాళ్ళకు పంచాడు.

ఆ తర్వాతే నాలో అనుమానం పురుగులా దొలచడం మొదలైంది. ఉదయం పోటీల్లో పులిలా తోలే మా డ్రైవరు, సాయంత్రం పోటీ వచ్చేసరికి ఏదో ఒక సాకు చెప్పేవాడు. ఒకసారి క్లచ్ జారుతోందని మధ్యలో ఆపేశాడు. మేస్త్రీ క్లచ్ విప్పి చూసి నా దగ్గరకొచ్చాడు.

"అన్నా, క్లచ్ బాగనే ఉండాది. ఆయప్ప అబద్ధం చెప్తాండాడు. ఎందుకో నాకు తెల్దు."

ఇంకోసారి కడుపునొప్పి అన్నాడు. ఆ పొద్దు మధ్యాహ్నం అందరం ఒకే గిన్నెలో సంగటి తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. పైగా అంతకు ముందురోజు మద్రాసు జట్టు మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడడం నేను దూరంనుంచి చూశాను. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నాకు ఇంకేం కావాలి? వీణ్ణి కొనేశారు అని తేల్చుకున్నాను. ఉదయం పోటీలు మనకు, సాయంత్రం పోటీలు వాళ్ళకు అని పంచుకున్నారనుకున్నాను.

అయ్యవారి మీదా అనుమానమే. ఒక సాయంత్రం వాళ్ళిద్దరూ పోటీకి ముందు దారి చూసుకోవడానికి పోతుంటే నేనూ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. వాళ్ళిద్దరికీ నేను ఎక్కడం ఇష్టం లేదని మొహాలే చెప్పాయి. దారి పొడుగునా అయ్యవారి నోరు ఆగలేదు. "ముందర ఎద్దులబండి, ఎడమకు జరుగు." "గొర్లు వస్తాండాయి, నిలుపు." "గుంత ఉండాది, కుడికి." ఎదురుగా ఏనుగంత గడ్డిబండి వస్తుంటే అది కూడా చెప్పాలా? ఇదేదో నాకు అర్థం కాకుండా వాళ్ళు చేసుకునే సైగల మాట అనుకున్నాను. దిగాక అయ్యవారిని నిలదీశాను.

"ఏందప్పా, ఆయప్ప కండ్ల ముందర ఉండేది గూడా నువ్వే చెప్తాండావ్?"

"అలవాటు చేసుకుంటాండామన్నా," అన్నాడు నా మొహం చూడకుండా.

పెద్దాయన చెవిన నేను ఏమీ వేయలేదు. ఆయనకే అనిపించింది. మిల్లు ముందు అందరూ చూస్తుండగా డ్రైవరును పిలిచి, "మల్లోసారి కడుపునొప్పి, కాలునొప్పి అని బండి నిలిపితే నిన్ను కొనేసినారనే అనుకుంటా. కారే కాదు, లారీ గూడా ముట్టబాకు," అనేశాడు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు వాడిమీద జాలి కలగలేదు. తగిన శాస్తి అనుకున్నాను.

అలాంటప్పుడు వచ్చింది ఆళ్లగడ్డ పోటీ. పెద్ద పోటీలో ఒక భాగం ఆళ్లగడ్డ ఊరి బయట మొదలై, పల్లె దారులు చుట్టి నంద్యాల దగ్గర ముగుస్తుంది. మా సొంత నేల. పెద్దాయన ముందురోజే కారును యాగంటి తీసుకెళ్ళి పూజ చేయించాడు. నంద్యాల కొసన షామియానా వేయించి బంధువులందరినీ కూర్చోబెట్టాడు. తాను మాత్రం చక్రాల కింద నిమ్మకాయలు తన చేత్తోనే పెట్టాలని ఆళ్లగడ్డకు వచ్చాడు. దారి రెండు పక్కలా జనం. పత్తి చేలల్లో కూలికి పోయినవాళ్ళు కూడా పని ఆపి, చంకల్లో పిల్లలతో గట్ల మీద నిలబడ్డారు.

మా వంతు మధ్యాహ్నం రావాలి. కానీ మా ముందు పోయిన కారు ఒకటి కేసీ కాలువ పిల్ల కాలువలో దిగబడింది. దాన్ని లాగడానికి ట్రాక్టరు కావాలి, ట్రాక్టరుకు డ్రైవరు కావాలి, డ్రైవరు ఎక్కడో పెళ్ళిలో ఉన్నాడు. పొద్దు వాలుతూనే ఉంది. మావాడు నిలబడినచోట నిలబడలేదు. "మనల్ని ఎప్పుడు వదుల్తారన్నా? తొందరగా వదలమని చెప్పన్నా," అని నా వెంటపడ్డాడు. వాడికి కంగారు ఎక్కువయ్యేకొద్దీ నాకు అనుమానం ఎక్కువయింది. ఈ పొద్దు ఏదో చేయబోతున్నాడని, కారు తాళంచెవి నా జేబులోనే పెట్టుకుని, బండి దగ్గరకు ఎవరినీ రానివ్వలేదు.

పొద్దు గూకింది. ఇంకా వెలుగు ఉంది. గట్ల మీద మనుషులు నాకు చక్కగా కనబడుతున్నారు. అప్పుడు పిలిచారు మా కారును. నేను జేబులోంచి తాళంచెవి తీసి, ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపాను.

వాడు తీసుకోలేదు. నా మొహంకేసి చూస్తూ నవ్వుతూ నిలబడ్డాడు.

"తాళంచెవి ఇయ్యన్నా," అన్నాడు.

అది వాడి చేతికి జానెడు దూరంలో ఉంది. పక్కనుంచి అయ్యవారు గబుక్కున నా చెయ్యి పట్టుకుని తాళంచెవి లాక్కుని వాడి అరచేతిలో పెట్టాడు. "ఇదిగో," అన్నాడు మెల్లగా. అంతే. క్లచ్చూ, కడుపునొప్పీ, గడ్డిబండీ, గొర్రెలూ, అన్నీ ఒక్కసారి నా బుర్రలో సరిపోయాయి. ఇద్దరినీ భుజాలు పట్టి కారు వెనక్కు తీసుకెళ్ళాను.

"రేచీకటా? ఎప్పటినుంచి?"

ఈసారి వాడు దాచలేదు. "పోయిన ఎండాకాలం నుంచన్నా. పగలు బాగనే అవుపడతాది. పొద్దు గూకితే బావిలోకి చూసినట్టుంటాది. మా మేనమామకు గూడా ఇదే."

"తెలిసీ కూచుంటాండావా నువ్వు?" అని అయ్యవారిని అడిగాను.

"నేను చెప్తాంటే తోల్తాండాడు గదన్నా. ఈ తోవ మా ఇద్దరికీ నోటికొచ్చు," అన్నాడు. భయం లేదు ఆ గొంతులో. పక్కవాడి కోసం చచ్చిపోవడానికి సిద్ధపడిన మనిషిని అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు, అదే చివర.

"తోవ నోటికి వస్తాదప్పా," అన్నాను డ్రైవరుతో. "తోవకు అడ్డమొచ్చే పిల్లోడు వస్తాడా? ఆ గట్ల మీద జూడు ఎంతమంది ఉండారో."

చూడమన్నాను. అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. వాడు గట్ల వైపు మొహం తిప్పాడు. జనం అరుపులు విన్నాడు.

"తోలనన్నా. కానీ కండ్ల మాట మాత్రం ఎత్తబాకు. మా చెల్లెలికి సంజామల సంబంధం ఖాయమైంది. ఆ ఇంట్లో రేచీకటి ఉందంట అని మాట పుడితే ఎవురు చేసుకుంటారు? ఇంకేమన్నా చెప్పన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఇంకేం చెప్పాలి? నొప్పి అంటే పెద్దాయన వాణ్ణి అమ్ముడుపోయినవాడిగా తేల్చి రోడ్డున పడేస్తాడు. పెద్దాయనను పక్కకు పిలిచి నిజం చెబుదామంటే, ఆయన గుసగుసే నాలుగు వీధులకు వినబడుతుంది. చెల్లెలి విషయం దాచడం తప్పా ఒప్పా అని అప్పుడు ఆలోచించే తీరిక లేదు. తర్వాత చాలా ఆలోచించాను, ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ క్షణాన మాత్రం కారు కదలకూడదు, ఈ మాట బయటికి రాకూడదు, ఈ రెండే తెలుసు.

"లారీ మానేస్తావా? చీకట్లో ఇంక జన్మలో స్టీరింగు ముట్టనని ఒట్టేస్తావా?"

"అమ్మ తోడన్నా."

"పోయి కూచో పో. బండి కదలదులే."

వాళ్ళు ఎక్కుతుంటే, ఒకసారి చూస్తానని బానెట్ ఎత్తాను. ఇంజనులో రోటర్ అని బొటనవేలంత ముక్క ఒకటి ఉంటుంది. అది లేకపోతే ఇంజను అంటుకోదు. మూత తీసి దాన్ని ఊడబెరికి జేబులో వేసుకుని మూత పెట్టేశాను. నా చేతులు అప్పటిదాకా బిగించడమే తప్ప ఊడదీసి ఎరగవు. జెండా ఊపారు. ఇంజను గురగురమంది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అంతే. జనం "తొయ్యండప్పా, తొయ్యండి" అని అరిచారు. చక్రాల కింద నిమ్మకాయలు అట్లాగే ఉన్నాయి.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చి చేతిలో టార్చితో బానెట్ కింద దూరాడు. ఆయన ఎంత మంచి మేస్త్రీయో ఆ రోజే నాకు బాగా తెలిసొచ్చింది. చిటికెలో కనిపెట్టేశాడు.

"రోటర్ లేదు. ఎవురో పీకినారు, హరామ్‌ఖోర్లు!" అన్నాడు. అని, ఆగి, నావైపు చూశాడు. బండి దగ్గరకు నేను తప్ప ఎవరూ రాలేదని ఆయనకు తెలుసు. రానివ్వంది నేనే కదా.

పెద్దాయన వచ్చాడు. "బానెట్ ముట్టింది ఎవురు?" అన్నాడు. మేస్త్రీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంతోనే చెప్పేశాడు.

"జేబులు చూపీ," అన్నాడు పెద్దాయన నాతో.

చూపించాను. ఆ ముక్క నా అరచేతిలో ఉంటే అంతమందీ దాన్నే చూశారు.

"ఎందుకు చేసినావు?"

"చేసినా పెద్దాయనా. అంతే."

"నాకు తెలుసు ఎందుకో. నీ కాలు పోయినాంక ఇంకోడు తోల్తాంటే నీకు కండ్లల్లో నిప్పులు పోసుకున్నట్టుంది. లేకుంటే మద్రాసోళ్ళ దుడ్లన్నా తినింటావు. పో ఈడనుంచి. నా మిల్లు నీడలో గూడా నిలబడబాకు."

మావాడు కారు దిగి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. అయ్యవారు వాడి భుజం గట్టిగా పట్టుకున్నాడు. వాడు నన్నే చూస్తున్నానని అనుకుంటూ, నాకు కొంచెం పక్కకు, ఎవరూ లేనిచోటికి చూస్తున్నాడు. నేను ఎన్ని మరిచినా ఆ చూపు మరవలేదు.

ఊరికి నాకంటే ముందే కబురు చేరింది. ఆదివారం ప్రభువు గుడిలో నాయన నా పక్కనే కూర్చున్నాడు, కానీ పాటలో గొంతు కలపలేదు. ఇంటికొచ్చాక అడిగాడు.

"దుడ్లు తిన్యావా?"

"లేదు నాయనా."

"మల్ల ఎందుకు చేసినావు?"

నేను నీళ్ళ చెంబు ఆయన చేతికిచ్చాను. ఆయన తల ఊపి లోపలికి పోయాడు. ఆయన పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను నమ్మాడో లేదో నాకు తెలియదు. పెద్దాయన తిట్లకు ఏడవలేదు గాని, దానికి ఏడ్చాను. ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు కూడా. అయినా మాట ఇచ్చాక మనిషిని చూసి సడలిస్తే ఇక అది మాటేమిటి అని మొండికేశాను. నా మొండితనం నాయన పోలికే.

ఇంక ఏ జట్టూ నన్ను పిలవలేదు. పిలిచి మాత్రం ఎవరు నమ్ముతారు? మేస్త్రీ నంద్యాల బజారులో ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. అందరినీ అనుమానించి బతికినవాణ్ణి అందరూ అనుమానించారు. లెక్క సరిపోయిందని మా ఆవిడ అంది. ఆవిడకు కూడా అప్పుడు నిజం తెలియదు. కర్నూలులో ఒక గ్యారేజీలో చేరి, ఇతరుల బస్సుల నట్లు తడుముతూ ఉద్యోగం ముగించాను.

మావాడు ఒట్టు తప్పలేదు. లారీ మానేసి ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టైర్ల అంగడి పెట్టుకున్నాడు. చెల్లెలు సంజామలలో కాపురానికి పోయింది. ఆళ్లగడ్డలో అందరికీ ఒక్కటే వింత, ఆ అంగడి దీపాలు పెట్టకముందే మూసేస్తారు. సంపాదన ఎక్కువై బద్ధకం అనేవారు కొందరు. నేను ఊరికి పోయినప్పుడల్లా సాయంత్రం బస్సుకే పోయేవాణ్ణి. దిగి, వాణ్ణి ఇంటిదాకా దిగబెట్టి, అప్పుడు మా పల్లెకు పోయేవాణ్ణి.

అట్లా ఒకసారి, ఎనభైల చివర్లో, బస్సు ఆళ్లగడ్డలో ఆగబోతుంటే పక్క సీటు పెద్దమనిషి కిటికీలోంచి ఆ అంగడిని చూపించాడు.

"చూడప్పా, ఆడ షట్టరు దించుతాండాడే, ఆయప్ప గొప్ప డ్రైవరు. మద్రాసోళ్ళను గూడా ఓడించేటోడు. ఎవుడో కుంటి మేనేజరు దుడ్లు తిని ఆయప్ప బండిని చెడగొట్టినాడంట. నాశనమైపోయింటాడు నాయాలు."

"అవునంటప్పా, నేనూ విన్నా," అన్నాను.

బస్సు ఆగింది. లేచి కుంటుకుంటూ దిగాను. వెనక ఆయన మాట ఆగిపోయింది. నేను అంగడి దగ్గరకు పోయి దగ్గాను. మావాడు చెయ్యి చాపి తడుముకుని నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం నడుస్తుంటే కిటికీలోంచి పెద్దమనిషి తల బయటపెట్టి అరిచాడు.

"ఓహో! ఇద్దురూ కలిసే తిన్యారన్నమాట!"

"ఏందన్నా ఆయప్ప అరుస్తాండేది?" అని అడిగాడు మావాడు.

"ఏం లేదప్పా," అన్నాను. "ముందర గుంత ఉండాది, ఎడమకు జరుగు."